ఇద్దరు చాలన్న చట్టం, ఇంకా కావాలన్న పిలుపు

ఒకే రాష్ట్రం, ఒకే విషయం మీద, ముప్పై ఏళ్ల ఎడంలో రెండు ఎదురెదురు పాఠాలు రాసింది. మొదటిది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలోని ఒక నిబంధన. ఇద్దరిని మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మండల, జిల్లా పరిషత్ ఎన్నికల్లో పోటీకి అనర్హులని అది తేల్చింది. మూడేళ్లకు, 1997లో, రాష్ట్ర జనాభా విధానం దానికి తోడయింది. రెండో పాఠం 2024 నవంబరులో వచ్చింది. శాసనసభ పంచాయతీరాజ్, పురపాలక చట్టాలను సవరించి ఆ నిబంధనను తీసేసింది. తీసేయడంతో ఆగలేదు. ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు.

ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి కృష్ణా పశ్చిమ డెల్టా కంటే మంచి చోటు నాకు తోచదు. 2011 జనాభా లెక్కల్లో తెనాలి పట్టణంలో సుమారు లక్షా 65 వేల మంది, బాపట్లలో 70 వేల మంది, రేపల్లెలో 50 వేల మంది ఉన్నారు. అప్పటికి మూడూ గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల విడి జిల్లా అయినప్పుడు రేపల్లె దానితో వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. 2001 నుంచి 2011 దాకా ఆ ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభా పదేళ్లలో 9.47 శాతమే పెరిగింది. దేశం మొత్తం మీద ఆ పెరుగుదల 17.7 శాతం. జనాభాను ఆపాలా, పెంచాలా అని పైన వాదించుకుంటూ ఉండగానే ఇక్కడి ఇళ్లు తమ జవాబు చెప్పేశాయన్నమాట.

నేను చెప్పదలచుకున్నది ఇది: రెండు పాఠాలూ తలలు లెక్కపెట్టాయి. కనే మనిషి ఇష్టాన్ని రెండూ లెక్కలోకి తీసుకోలేదు. పుట్టినవాళ్లను పోషించే నీటినీ నేలనూ రెండూ పట్టించుకోలేదు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండింటిలో ఉన్న లోపం ఒక్కటే.

మొదటి పాఠం వెనకున్న భయం

1798లో ఇంగ్లండులో థామస్ మాల్థస్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. తిండి పెరిగే వేగం కంటే జనం పెరిగే వేగం ఎక్కువ. ఆ తేడాను కరువూ రోగాలూ యుద్ధాలూ సరిచేస్తాయి. 1968లో అమెరికన్ జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ‘పాపులేషన్ బాంబ్’ రాసి, వచ్చే దశాబ్దంలోనే కోట్లమంది ఆకలికి చచ్చిపోతారన్నాడు. కుటుంబ నియంత్రణకు గుర్తయిన ఎర్ర త్రికోణం గోడలెక్కిన కాలమది. మన 1994 నిబంధన పుట్టింది ఆ భయంలోంచే.

ఈ భయాన్ని పరీక్షించడానికి డెల్టా చరిత్ర ఉంది. 1832–33లో వచ్చిన కరువును గుంటూరు సీమలో నందన కరువనీ, డొక్కల కరువనీ అంటారు. అప్పుడా జిల్లాలో ఉన్న సుమారు ఐదు లక్షల మందిలో ఇంచుమించు రెండు లక్షల మంది పోయారని ఆనాటి లెక్కలు చెప్తున్నాయి. 2011 నాటికి ఉమ్మడి గుంటూరు జనాభా 48 లక్షల 88 వేలు. జిల్లా సరిహద్దులు మారాయి గనుక పోలిక ఉజ్జాయింపే. అయినా ఇంతకు పదోవంతు జనం ఉన్న రోజుల్లో ఇక్కడ తిండి లేక చచ్చారు, పదింతలైన రోజుల్లో ఇక్కడి బియ్యం బయటికి వెళ్తోంది. తల లెక్క ఒక్కటే ఆకలిని నిర్ణయించదని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

మధ్యలో ఏం జరిగింది? 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట వచ్చింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ నిలిచింది. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల పెట్టారు. ఆ బాపట్లలోనే తయారైన బీపీటీ 5204 అనే వరి వంగడం 1986లో సాంబ మసూరిగా విడుదలై, తెలుగు నేలను దాటి దేశంలో ఎన్నో రాష్ట్రాల పొలాలకు చేరింది. దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చారు. 2025 మేలో జన్యు సవరణతో రూపొందిన ‘కమల’ను ప్రకటించారు, అదీ ఈ బాపట్ల వంగడానికి వారసురాలే. తిండి పెరగదని మాల్థస్ వేసిన లెక్క బాపట్ల వరి మడుల్లో తప్పింది.

చట్టం రాకముందే తగ్గిన సంఖ్య

రెండు పాఠాలనూ ఎదురెదురుగా నిలబెట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇళ్లలో జరిగిన మార్పుకు కారణం చట్టమేనా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి విడత 1992–93లో జరిగింది. అప్పటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. దేశ సగటు 3.4. ఇద్దరు పిల్లల నిబంధన ఇంకా పుట్టలేదు. 1998–99లో ఆ సగటు 2.25కి దిగింది, 2005–06లో 1.8కి. విడిపోయాక మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 నాటికి 1.7. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. దానికి దిగువన మనం చాలా ఏళ్లుగా ఉన్నాం.

నిబంధన రాకముందు నుంచే పడుతున్న సంఖ్యను నిబంధన ఖాతాలో వేయడం న్యాయం కాదు. పైగా ఆ నిబంధన తగిలింది ఎన్నికల్లో నిలబడాలనుకునే కొద్దిమందికే. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ఇద్దరితో ఆపేసిన ఇళ్లలో అత్యధికం వార్డు మెంబరు పదవి మీద ఆశ పెట్టుకున్నవి కావు. ఇద్దరినైతే ఇంగ్లిషు మీడియంలో చదివించగలం, ముగ్గురైతే ఉన్న రెండెకరాలూ ముక్కలవుతాయి అన్న లెక్క ఆ ఇళ్లది. బిడ్డలు బతికి బట్టకడతారన్న నమ్మకం కుదిరింది. పొలం పనికి ఎక్కువ చేతులు అక్కర్లేని రోజులొచ్చాయి. చదువు ఖర్చయింది. ఈ మూడూ కలిసి చేసిన పని ముందు ఒక అనర్హత నిబంధన ఎంత?

అయితే ఈ తగ్గుదలను ఘనవిజయంగా మాత్రమే చెప్పుకోవడం నా మనసుకు ఒప్పదు. కేరళలో ఆడవాళ్ల చదువు వెంట సంతానం తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటికి చదవగలిగిన ఆడవాళ్లు మూడో వంతు కూడా లేరు, అయినా తగ్గింది. ఆ తగ్గుదల వచ్చిన దారి ఆపరేషన్. 2019–21 సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయి సంతాన వయసులో ఉన్న ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఇంచుమించు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్: మన రాష్ట్రంలో లక్షలాది ఆడవాళ్ల యౌవనం ఈ మూడు మాటల్లో అయిపోయింది. గర్భసంచి తీయించుకునే ఆపరేషన్లు దేశంలో అందరికంటే ఎక్కువ జరిగేదీ మన రాష్ట్రంలోనే. సంఖ్య తగ్గింది. ఆ తగ్గుదల బరువును మోసింది మాత్రం ఒక్క ఆడవాళ్ల ఒళ్లు.

రెండు పాఠాల సాధనాలు

ఇక ఏ పాఠం ఏ సాధనం పట్టుకుందో చూద్దాం. మొదటిది శిక్షను పట్టుకుంది. 1992లో 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు ఇచ్చింది. రెండేళ్లకే మన చట్టం, మూడో బిడ్డ ఉంటే ఆ సీటుకు నువ్వు పనికిరావంది. ఎంతమందిని కనాలో తానొక్కతే తేల్చుకోలేని మనిషికి, కన్నందుకు శిక్ష వేసింది. నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఫలితాలను పరిశీలించి 2006లో ప్రచురించారు. భార్యను వదిలేయడం, బిడ్డను దత్తతకు ఇచ్చేయడం, కడుపు తీయించడం వంటివి అందులో నమోదయ్యాయి. పదవి పోయినవాళ్లలో ఎక్కువమంది దళితులు, గిరిజనులు, వెనకబడిన కులాలవాళ్లు. మధ్యప్రదేశ్, హిమాచల్‌ప్రదేశ్, హర్యానా 2006 నాటికే ఈ నిబంధనను వదులుకున్నాయి. మనం 2024 దాకా పట్టుకుని కూర్చున్నాం.

1994లోనే కైరోలో జరిగిన ప్రపంచ జనాభా సదస్సు, లక్ష్యాలు పెట్టి తరమడం మానండి, ఆడవాళ్ల చదువూ ఆరోగ్యమూ ఇష్టమూ చూడండి అని తీర్మానించింది. ప్రపంచం అటు తిరిగిన ఏడాదే మనం ఇటు తిరిగాం. మనకు అంతకుముందే ఒక హెచ్చరిక ఉంది. ఎమర్జెన్సీలో, 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, అందులో నాలుగింట మూడు వంతులు మగవాళ్లవి. ఆ బలవంతం మీద వచ్చిన కోపానికి ప్రభుత్వమే మారింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోలేదు; కార్యక్రమం మొత్తం ఆడవాళ్ల క్యాంపుల మీదికి మళ్లింది.

రెండో పాఠం ఆశను పట్టుకుంది. ఇద్దరిని మించి ఉన్నవాళ్లకే పోటీకి అర్హత ఇచ్చే చట్టం గురించి ఆలోచిస్తామని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి అన్నారు. అది చట్టం కాలేదు గాని, ఆలోచన బయటపడింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. మూడో కాన్పుకూ ప్రసూతి సెలవు ఉంటుందన్న ప్రకటన కూడా ఆ నెలలోనే వచ్చింది. వీటిలో సెలవు ఒక్కటి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అది బిడ్డను కన్న తల్లికి హక్కుగా దక్కేది. మిగిలినవి మొదటి పాఠం చేసిన పనినే తిరగేసి చేస్తున్నాయి. అప్పుడు మూడో బిడ్డ పదవికి అడ్డు, ఇప్పుడు మూడో బిడ్డ పదవికి మెట్టు. రెండుసార్లూ ఎన్నికల అర్హతను ఆడమనిషి గర్భంతో ముడిపెట్టే ఆలోచనే కనిపించింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుంటే 2011లో 939 మందే మిగిలారు. అలాంటి నేల మీద కానుకల్లో సైతం ఆడపిల్లకొకటి, మగపిల్లాడికొకటి అనకుండా ఉండాల్సింది.

రెండో పాఠంలోని నిజం

రెండో పాఠం చెప్పే బాధను కొట్టిపారేయలేం. 2036 నాటికి మన రాష్ట్రంలో అరవై దాటినవాళ్లు ఐదో వంతుకు దగ్గరవుతారని కేంద్రం వేసిన జనాభా అంచనాల బృందం 2020లో చెప్పింది. తెనాలి వీధుల్లో దాన్ని చూడటానికి అంచనాలు అక్కర్లేదు. పిల్లలు హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. మేడ మీద ఇద్దరు ముసలివాళ్లు, మందులషాపు బిల్లు, వారానికోసారి వీడియో కాల్. పొలాల్లోనూ ఆ లోటు కనిపిస్తుంది. కోత మిషన్లు వచ్చి కోతల భారం తీర్చాయి. నాట్లకు మాత్రం ఇటీవలి ఏళ్లలో కోస్తా డెల్టాలకు ఉత్తరాది నుంచి, బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు.

సీట్ల బాధ ఇంకొకటి. లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా దగ్గర 42వ సవరణ 1976లో ఆపింది. 84వ సవరణ ఆ ఆపుదలను 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. చెప్పిన మాట విని సంతానం తగ్గించుకున్న రాష్ట్రానికి ఢిల్లీలో గొంతు తగ్గితే అది అన్యాయమే. 15వ ఆర్థిక సంఘం జనాభా తగ్గింపుకు 12.5 శాతం మార్కులు ఇచ్చింది. అంటే ఆ అన్యాయం ఉందని ఆ సంఘమే ఒప్పుకుంది.

నా అభ్యంతరం మందు మీద. సీట్ల సమస్యకు జవాబు రాజ్యాంగంలో వెతకాలి, ఉయ్యాలలో కాదు. ఇవాళ పుట్టిన బిడ్డకు ఓటు రావడానికి పద్దెనిమిదేళ్లు, ముసలితనాన్ని మోసే సంపాదన రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. పిలుపులతో పిల్లలు పుడతారన్నదానికి రుజువూ లేదు. సింగపూరు 1970లలో ‘ఇద్దరితో ఆపండి’ అంది. 1987లో మనసు మార్చుకుని, స్తోమత ఉంటే ముగ్గుర్ని కనండి, ఇంకా ఎక్కువ కనండి అంది. డబ్బిచ్చింది, ఇళ్లు ఇచ్చింది. 2023లో అక్కడి సంతానోత్పత్తి రేటు 0.97. చైనా 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతిచ్చింది. అక్కడ 2016లో కోటీ 78 లక్షల జననాలుంటే 2023లో 90 లక్షలు. దక్షిణ కొరియాలో అదే ఏడాది రేటు 0.72. ఆపమన్నప్పుడు ప్రజలు తమ కారణాలతో ఆపారు, కనమన్నప్పుడూ తమ కారణాలతోనే కనడం లేదు. రెండు పాఠాలకూ వర్తించే గుణపాఠమిది.

రెండు పాఠాలూ చూడని రేపల్లె

తెనాలి నుంచి రైలు రేపల్లె దగ్గర ఆగిపోతుంది. ఆ పైన లంకలు, చెరువులు, సముద్రం. జనాభా పెరుగుదలను భూమి భరించగలదా అన్న ప్రశ్నకు ఇక్కడ నిలబడే జవాబు చెప్పాలి. రెండు పాఠాలూ ఇక్కడి దాకా రాలేదు.

రేపల్లె, నిజాంపట్నం వైపువి శివారు భూములు. పై కాలువల్లో నీళ్లు సరిపడా వదిలినప్పుడే వీటికి తడి. వేసవిలో నదీ ముఖం నుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాను కట్టిన మట్టి డెల్టాకు రావడం తగ్గింది. కృష్ణలో నీళ్లు ఆలస్యమయ్యే ఏడాదుల్లో 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి నీటిని తెచ్చి ఆదుకుంటోంది. ఒక నది డెల్టాను ఇంకో నది పోషించే స్థితికి వచ్చామంటే హద్దు దగ్గరపడినట్టే. రొయ్యల చెరువులు పక్క పొలాల మట్టిలోకి ఉప్పు దింపుతున్నాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీట మునిగింది. మురుగు కాలువలు ఆ నీటిని సమయానికి లాగలేకపోయాయి.

కాబట్టి హద్దుల్లేవని నేను అనను. మాల్థస్ తిండి విషయంలో తప్పాడు గాని, భూమికి హద్దుందన్న మాటలో తప్పలేదు. తిండిని పెంచిన నీరూ ఎరువూ కరెంటూ ఎక్కడో ఒకచోట అప్పు రాస్తూనే ఉన్నాయి. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర ఆగి, ఆ తర్వాత తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024లో అంచనా వేసింది. పెరుగుదల దానంతటదే నెమ్మదిస్తోంది. నెమ్మదించనిది వాడకం. సగటు భారతీయుడి వల్ల ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, సగటు అమెరికన్ వల్ల పద్నాలుగు టన్నుల దాకా. తెనాలిలో ఇద్దరు పిల్లలతో ఉన్న కుటుంబం, అమెరికాలో ఇద్దరు పిల్లలతో ఉన్న దాని దాయాది కుటుంబం: తలల లెక్కలో రెండూ సమానం. భూమి మీద వేసే బరువులో ఒకటి మరొకదానికి ఏడింతలు. ఈ తేడాను చూడలేని జనాభా విధానం రేపల్లె సముద్రపు గట్టు దగ్గర పనికిరాదు. కర్బనం తక్కువ వదిలిన లంక గ్రామాల జాలరి కుటుంబాలే పెరిగే సముద్రాన్నీ తుపానునూ మొదట ఎదుర్కొంటాయి.

రెండింటి మీదా తీర్పు

మానవ జనాభా ఎల్లకాలం పెరుగుతూ పోవడం సాధ్యం కాదు. ఆ పెరుగుదలకు హద్దు ఉండాలి. కాని ఆ హద్దును ఎవరు గీస్తారన్నదే మొత్తం వాదన. కృష్ణా డెల్టాలో దాన్ని ఆడవాళ్లు గీశారు, సరైన చదువు అందకుండానే, సరైన వైద్యం అందకుండానే, భర్తలు చెయ్యి కలపకుండానే. 1994 పాఠం వాళ్లు అప్పటికే చేస్తున్న పనికి శిక్ష అంటగట్టింది. 2024 పాఠం ఆ శిక్షను తీసేసి మంచి పని చేసింది, వెంటనే వాళ్లనే మళ్లీ ఇంకో లెక్కకు పిలిచి ఆ మంచిని చెడగొట్టుకుంటోంది. రెండింటిలో ఏది మేలని అడిగితే ఆ నిబంధనను రద్దు చేసిన 2024 సవరణ మేలు, దాని వెంట వచ్చిన పిలుపు కాదు.

వీటి స్థానంలో రావలసిన మూడో పాఠం ఎలా ఉండాలో డెల్టానే చెప్తోంది. పద్దెనిమిదిలోపు పెళ్లిళ్లను ఆపాలి. ఆపరేషన్ ఒక్కటే దారి కాకుండా కాన్పుల మధ్య ఎడం పెట్టే సాధనాలన్నీ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. మగవాళ్ల ఆపరేషన్‌ను ఎమర్జెన్సీ నీడలోంచి బయటికి తేవాలి. ఇంకో బిడ్డ కావాలనుకున్న తల్లికి బాలింత సెలవూ, పని దగ్గర పిల్లల్ని చూసుకునే చోటూ, వద్దనుకున్న తల్లికి అంతే గౌరవమూ దక్కాలి. పిల్లలు దూరమైన ముసలివాళ్లకు పింఛనుతో పాటు ఇంటికొచ్చే వైద్యం కావాలి. నాట్లకు వచ్చే వలస కూలీలకు ఇక్కడి రేషనూ ఇక్కడి బడీ అందాలి. మురుగు కాలువల పూడిక తీయాలి, శివారు భూములకు నీటి వాటా నిలబెట్టాలి, రొయ్యల చెరువులకు హద్దు గీయాలి. ఢిల్లీలో సీట్ల న్యాయం కోసం పార్లమెంటులో పోట్లాడాలి.

ఇవేవీ ఒక నిబంధనతోనో ఒక ప్రకటనతోనో అయ్యేవి కావు. ఖర్చుతో, ఏళ్ల తరబడి ఓపికతో అయ్యేవి. అందుకే రెండు పాఠాలూ వీటిని వదిలి సులువైన దారి పట్టాయి, ఆడమనిషి కడుపును లెక్కపెట్టాయి. ఎంతమందిని కనాలో చెప్పడం ప్రభుత్వం పని కాదు. పుట్టినవాళ్లకు నీరూ నేలా బడీ ఆసుపత్రీ సమంగా అందించడం దాని పని. ఈ పని ముప్పై ఏళ్లుగా మిగిలిపోయింది, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రజలు తమ ఓటుతో అడగాల్సింది దీన్నే.